నా చెవికి బాగానే ఉంది

జూన్ 3, మంగళవారం

రిజిస్టర్లో రాసింది: "పెద్ద ప్రెస్సు చూశాను. లోపం లేదు." అక్కడ రాయలేనిది ఇక్కడ రాసుకుంటున్నాను. లోపం ప్రెస్సులో లేదు. ప్రెస్సు ముందు నిలబడ్డ మనిషిలో ఉంది.

పీపాల మూతలు కొట్టే ఆ ప్రెస్సు మీద ఏడాదిగా పనిచేస్తున్న ఆవిడకి నేను పెట్టుకున్న పేరు ఫిర్యాదమ్మ. మొన్న ఫ్యాను తిరగలేదంది. నిన్న లైటు కళ్ళలో పడుతోందంది. ఇవాళ ఏకంగా క్లచ్ దాకా వెళ్ళింది.

"మేస్త్రిగారూ, దిమ్మ పైకొచ్చాక ఆగట్లేదండీ. ఒక్కోసారి మళ్ళీ కిందికి జారుతోంది. క్లచ్ వదలట్లేదనుకుంటా."

అనుకుంటుందట! ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ షెడ్డులో క్లచ్ గురించి అనుకునే పని నాది. ఆవిణ్ణి పక్కకి జరగమని నేనే రెండు బటన్లూ నొక్కాను. పైనున్న ఇనుప దిమ్మ దిగింది, మూత కొట్టింది, పైకెళ్ళి బుద్ధిగా ఆగింది. అలా ఐదుసార్లు. ఆవిడ నేల చూస్తూ ఇంకేదో గొణిగింది. తలూపి వచ్చేశాను. ఈ కాలం మనుషులకి నోరు తెరిచి మాట్లాడటం చేతకాదు.

జూన్ 5, గురువారం

మళ్ళీ అదే పాట. ఈసారి ఇంజనీరుని వెంటేసుకొచ్చింది.

ఇంజనీరంటే, వచ్చి ఎనిమిది నెలలైన కుర్ర పండితుడు. జేబులో ఎప్పుడూ ఒక గేజీ. దాహం వేసినా గేజీ పెట్టి కొలుచుకుని నీళ్ళు తాగే రకం. మొహం మీద "సార్" అంటాను. ఇక్కడ మాత్రం గేజీబాబు.

"మేస్త్రిగారూ, అసలిది ఎలా వదులుతుందో ఒకసారి చెప్పండి" అన్నాడు. నాకు పరీక్ష పెడుతున్నాడన్నమాట. చెప్పాను. చక్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. బటన్లు నొక్కితే క్లచ్‌లోకి గాలి వెళ్తుంది, ప్లేట్లు చక్రాన్ని పట్టుకుంటాయి, దిమ్మ దిగి లేస్తుంది. పైకొచ్చాక ఆ గాలి వాల్వులోంచి బయటికి పోవాలి. పోతే స్ప్రింగులు ప్లేట్లని విడదీస్తాయి, బ్రేకు పట్టుకుంటుంది. ఇంతే సంగతి. మా ఇంట్లో మిక్సీకి దీనికంటే ఎక్కువ తెలివుంది.

"అయితే గాలి ఎంతసేపట్లో బయటికి పోతోందో కొలుద్దామా?"

"కొలవడం దేనికి సార్, వింటే చాలదా?"

పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, కొన క్లచ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించాను. షెడ్డులో సగం మంది పని ఆపి చూశారు. నన్ను ఊరికే చెవి మేస్త్రి అనరు. బేరింగు ఏ పక్క అరిగిందో విని చెప్పేవాణ్ణి నేను. లోపల మోత బ్రహ్మాండంగా ఉంది, బరువుగా, తీరుగా. గాలి వదిలే చప్పుడైతే లేనే లేదు. ఒకప్పుడు ఈ ప్రెస్సు ప్రతి దెబ్బకీ పాములా బుస కొట్టేది. మార్చిలో నేను సర్వీసు చేసినప్పటి నుంచి ఎంత నెమ్మదించిందో!

ఆ మాటే అన్నాను. గేజీబాబు ఫిర్యాదమ్మ వైపు చూశాడు. ఫిర్యాదమ్మ గేజీబాబు వైపు చూసింది. వాళ్ళిద్దరికీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడమే పని.

రిజిస్టర్లో: "విన్నాను. నా చెవికి బాగానే ఉంది."

జూన్ 6, శుక్రవారం

మా ఆవిడ వంటింట్లోంచే మాట్లాడుతుంది. కుక్కర్‌తో మాట్లాడుతోందో నాతో మాట్లాడుతోందో దేవుడికే తెలియాలి. పలకలేదని అలిగింది.

జూన్ 10, మంగళవారం

ఇవాళ దిమ్మ నిజంగానే జారింది. నా కళ్ళతో చూశాను కాబట్టి రాస్తున్నాను, ఎవరో చెప్పారని కాదు. పైన ఆగాల్సింది ఆగకుండా జానెడు కిందికి దిగి నిలబడింది.

బ్రేకు. చూడగానే చెప్పేశాను. బ్రేకు లైనింగు అరిగితే ఇంతే. గేజీబాబు "ముందు వాల్వు దగ్గర గాలి చూద్దాం" అన్నాడు. చదువుకున్నవాళ్ళకి గాలి కబుర్లంటే ఇష్టం.

జూన్ 12, గురువారం

రెండు రోజులు పట్టింది. పాత లైనింగు తీసి కొత్తది వేశాను. పాతది పెద్దగా అరగలేదు. అయినా మార్చడమే మంచిది. బిగించి, పదిసార్లు నెమ్మదిగా కొట్టి చూపించాను. పదిసార్లూ ఆగింది. మేనేజరు భుజం తట్టాడు. గేజీబాబుకి ఆ గేజీ ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

జూన్ 13, శుక్రవారం

జారింది.

జూన్ 16, సోమవారం

క్లచ్ విప్పాను. స్ప్రింగులన్నీ తీసి కొత్తవి వేశాను. పాత స్ప్రింగుల్లో ఒక్కటీ విరగలేదు, ఒక్కటీ సడలలేదు. ప్లేట్లకి నూనె అంటలేదు. ఇంత శుభ్రమైన క్లచ్‌ని నా సర్వీసులో చూడలేదు. అంటే తప్పు క్లచ్‌ది కాదనేగా?

మరి ఎవరిది?

ఫిర్యాదమ్మది. ఆవిడ బటన్ల మీంచి చేతులు ఆలస్యంగా తీస్తోంది. అంతే. మధ్యాహ్నం మేనేజరుతో అదే చెప్పాను. "మనిషి వదిలితే క్లచ్ వదులుతుంది సార్" అన్నాను. నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆ తర్వాత ఆయన ఏదో అన్నాడు, మళ్ళీ అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఏమన్నాడో నాకు తెలియదు.

ఇది ఎందుకు రాశానో కూడా తెలియదు.

జూన్ 17, మంగళవారం

ఆవిడకి మెమో ఇచ్చారు. ప్రెస్సు మీంచి తీసి, ఎదురుగా మూతల అంచులు ఆకురాయితో నున్నగా చేసే బల్ల దగ్గర వేశారు. ప్రెస్సు మీదకి పొడుగాయన వచ్చాడు. మాట తక్కువ, చెయ్యి ఎక్కువ. అటువంటి మనిషి కావాలి యంత్రానికి.

ఫిర్యాదమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడి, పిల్లలకి అక్షరాలు నేర్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది: "నెమ్మదిగా కొడితే రాదండీ. వరసగా కొడితేనే వస్తుంది. పదిహేను, ఇరవై దెబ్బలయ్యాక. మొదటిరోజే చెప్పాను."

మొదటిరోజు అలాంటిదేమీ చెప్పలేదు.

అదీకాక, ఎదురుగా వచ్చి నోరు అంతంత తెరిచి మాట్లాడటం ఏం మర్యాద?

జూన్ 19, గురువారం

మా నాన్న గుర్తొచ్చాడు. బాయిలర్ల దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. అన్నాల దగ్గర మేం ఆయన మీదే జోకులు వేసుకుని నవ్వేవాళ్ళం. అందరూ నవ్వుతున్నారని ఆయనా నవ్వేవాడు. అది చూసి ఇంకా నవ్వేవాళ్ళం. ఎంత అసహ్యంగా ఉండేదో ఆ మొహం, సంగతి తెలియకుండా నవ్వే మొహం.

నాకు అలాంటిదేమీ లేదు. బేరింగు మోత ఇప్పటికీ దూరం నుంచే పట్టేస్తాను.

జూన్ 20, శుక్రవారం

(ఇవాళ రాయలేదు.)

జూన్ 21, శనివారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

పదకొండింటికి పొడుగాయన వచ్చి "వరసగా కొడుతుంటే జారుతోంది మేస్త్రిగారూ" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ జబ్బు ఇతనికీ అంటుకుందన్నమాట. గేజీబాబు కూడా వచ్చాడు. "దీన్ని ఆపేద్దాం, వాల్వు విప్పేదాకా ఎవరూ నడపొద్దు" అన్నాడు. ఆపేద్దామట. రెండువారాలు నేను గాడిద చాకిరీ చేసి బాగుచేసిన ప్రెస్సుని.

"నువ్వు వరసగా కొట్టు. మూతలు నేను తీస్తాను" అన్నాను.

"పట్టకారు తీసుకోండి" అన్నాడు పొడుగాయన.

"అక్కర్లేదు."

పక్కన నిలబడ్డాను. అతను కొడుతున్నాడు, నేను చెయ్యి లోపల పెట్టి మూత తీస్తున్నాను. ఒకటి, రెండు, మూడు. తీసిన ప్రతి మూతా గేజీబాబు కాళ్ళ దగ్గర పడేలా విసిరాను. అది కూడా రాయాలి. పన్నెండు, పదమూడు. గేజీబాబు మొహం పాలిపోయింది. నాకు సరదాగా ఉంది. పదిహేడో పద్దెనిమిదో. చెయ్యి లోపల ఉంది.

ఆ తర్వాత నాకు తెలిసింది ఒక్కటే. ఎవరో నా కాలరు పట్టుకుని వెనక్కి లాగారు. ఎంత గట్టిగా లాగారంటే మెడ పట్టేసింది. వెల్లకిలా పడ్డాను. పడుతూనే చూశాను, దిమ్మ దిగింది. బటన్లు ఎవరూ నొక్కలేదు. పొడుగాయన రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు. నా చెయ్యి ఉన్న చోట మూత ఉంది, దాని మీద దిమ్మ కూర్చుని ఉంది.

లాగింది ఆవిడ. బల్ల వదిలేసి పరుగెత్తుకొచ్చింది. నన్ను లాగిన ఊపులో తను రేకుల కట్ట మీద పడింది. కుడి మణికట్టు విరిగింది.

ఆవిడ మూడుసార్లు అరిచిందట, "చెయ్యి తియ్యండి" అని. గేజీబాబు అరిచాడట. షెడ్డు ఆ మూల ఉన్న వాచ్‌మన్‌కి కూడా వినపడిందట.

షెడ్డులో గోల ఎక్కువ. ఎవరికైనా వినపడదు.

జూన్ 23, సోమవారం

మేనేజరు కాగితం తయారుచేశాడు. "సదరు కార్మికురాలు అనుమతి లేకుండా తన స్థానం వదిలి నడుస్తున్న యంత్రం వద్దకు వచ్చి, జారిపడి గాయపడినది."

"ఇందులో అబద్ధమేముంది?" అన్నాడు.

ఒక్కో ముక్కా చూశాను. స్థానం వదిలింది, నిజమే. అనుమతి లేదు, నిజమే. జారిపడింది, అదీ నిజమే.

సంతకం పెట్టాను.

జూన్ 24, మంగళవారం

ఆ సంతకం పెట్టిన చెయ్యి చూసుకున్నాను. ఐదు వేళ్ళూ ఉన్నాయి.

జూన్ 25, బుధవారం

గేజీబాబు వాల్వు దగ్గర గేజీ బిగించాడు. నన్ను రమ్మనలేదు. నేనే వెళ్ళి దూరంగా నిలబడ్డాను. అతను దూరం నుంచే చేత్తో సైగ చేశాడు, దగ్గరికి రమ్మని. మాట కాదు, సైగ. ఎంత కాలంగా ఇలా సైగలు చేస్తున్నాడో.

ఒక్కో దెబ్బకీ ముల్లు లేస్తోంది, దిగుతోంది. కానీ సున్నా దాకా దిగట్లేదు. ప్రతి దెబ్బకీ కొంచెం గాలి లోపలే మిగిలిపోతోంది. పదిహేను దెబ్బలయ్యేసరికి క్లచ్ పట్టు వదలనంత గాలి పోగుపడింది. కిందంతా ఖాళీ, ఎవరూ దగ్గర లేరు. పంతొమ్మిదో దెబ్బకి దిమ్మ తనంతట తానే దిగింది.

గాలి బయటికి పోయే చోట ఒక సైలెన్సరు ఉంటుంది, పిడికిలంత. విప్పాడు. లోపల నూనె, దుమ్ము కలిసి గడ్డకట్టి నల్లటి ముద్దైపోయింది. ఊదితే గాలి దూరదు. విప్పడానికి ఐదు నిమిషాలు. కడగడానికి పది. నేను మార్చిన బ్రేకు, నేను మార్చిన స్ప్రింగులు, నేను నాశనం చేసిన రెండువారాలు, విరిగిన మణికట్టు, అన్నీ ఆ ముద్ద వెనకాలే.

కడిగి బిగించి కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా "ఆఁ!" అన్నారు. ఎందుకన్నారో నాకు అర్థం కాలేదు.

"విన్నారా, బుస మళ్ళీ వచ్చింది" అన్నాడు గేజీబాబు, నాకు ఎదురుగా తిరిగి.

తలూపాను.

నాకు ఏ బుసా వినపడలేదు.

మార్చి నెల రిజిస్టరు తీసి చూశాను. "సైలెన్సరు శుభ్రం చేశాను" అని నా రాత. చెయ్యలేదు. విప్పలేదు కూడా. చెవి పెట్టి విన్నాను. చప్పుడు లేదు, బాగుందనుకున్నాను.

జూన్ 27, శుక్రవారం

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. గాజుగదిలో కూర్చోబెట్టి, వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. మొదట్లో నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషను పాడైందేమోనని అద్దంలోంచి చూశాను. అక్కడి అమ్మాయి నా వంక చూస్తూ మిషను మీద బటన్లు నొక్కుతూనే ఉంది.

"బరువైన శబ్దాలు మీకు బాగానే వినపడుతున్నాయి. సన్నటివి పోయాయి. చాలా ఏళ్ళైంది" అన్నాడు డాక్టరు. "గాలి చప్పుడు, ఆడవాళ్ళ గొంతు, వెనకనుంచి పిలుపు, ఇలాంటివి."

గొణిగేది లోకం కాదన్నమాట.

జూన్ 28, శనివారం

మా ఆవిడకి చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, "ఇప్పటికి తెలిసిందా?" అంది.

ఇద్దరం కలిసి, మణికట్టు విరిగిన ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాం. రెండు గదుల ఇల్లు. తలుపు వాళ్ళక్క తీసింది. నన్ను గుర్తుపట్టి, కూర్చోమనకుండా నిలబెట్టే అడిగింది, "మా చెల్లెలికి మెమో ఇప్పించింది మీరే కదండీ?" అవునన్నాను. "జారిపడిందని రాసిందీ మీరేనా?" సంతకం పెట్టానన్నాను. "ఎంత మంచి మనసండీ మీది!" అంది. ఆ మాటలో ఉన్న వెటకారం మాత్రం స్పష్టంగా వినపడింది.

ఆవిడ లోపల మంచం మీద కూర్చుని ఉంది. కట్టు మోచేతి దాకా. ఎడంచేత్తో జడ వేసుకోవడానికి అవస్థ పడుతోంది. మా ఆవిడ వెళ్ళి జడ అందుకుంది.

నేను ముందే వల్లెవేసుకున్న మాటలేవీ రాలేదు. "నాకు వినపడలేదమ్మా" అన్నాను.

"తెలుసండీ."

"ఎప్పట్నుంచి?"

"నేను చేరినప్పట్నుంచీ. అందరికీ తెలుసండీ. మీకొక్కరికే తెలీదు. మీతో ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వెళ్ళి చెప్పాలని, చేరిన మొదటిరోజే నాకు చెప్పారు."

"మరి నాకెవరూ చెప్పలేదే?"

"చెప్తే ఊరుకునేవారా?"

ఊరుకునేవాణ్ణి కాదు. మెమో ఇప్పించేవాణ్ణి.

ముప్ఫై ఒక్క ఏళ్ళు అందర్నీ చిన్నచూపు చూస్తూ తిరిగాను. వాళ్ళేమో నా దారిలో రాయి లేకుండా చూసుకుంటూ తిరిగారు. ఇంతకంటే సిగ్గుమాలిన సంగతి ఈ డైరీలో ఇంకోటి రాయను.

జూలై 1, మంగళవారం

మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఆ కాగితం వెనక్కిమ్మన్నాను.

"పైకి పంపేశాను."

"అయితే ఇంకోటి పంపండి. నేనే రాసుకొచ్చాను."

చదివాడు. సైలెన్సరు మార్చిలో శుభ్రం చేయకుండానే చేశానని రాసింది నేను. ఆవిడ మీద నింద వేసింది నేను. ఆపమన్నా వినకుండా నడిపించింది నేను. అరిస్తే వినపడనిది నాకు. చెయ్యి పోవాల్సింది నాకు, విరిగింది ఆవిడకి. డాక్టరు ఇచ్చిన చీటీ వెనకాల గుచ్చాను.

"ఇది పంపితే నీ పెద్దరికం ఉండదు, తెలుసా? ఇంకో మూడేళ్ళలో రిటైరవుతావు. ఎందుకొచ్చిన గొడవ?" అన్నాడు. నా ఎదురుగా వంగి, బాగా నోరు తెరిచి, నా మేలు కోరుతున్నట్టు. ఈ మనిషిని నవ్వించడానికా నేను ఆవిడ మీద జోకు వేసింది!

"పంపండి" అన్నాను. "పంపకపోతే నేనే పంపుతాను."

ఇక్కడ మాత్రం నా చిన్నచూపు సరైన మనిషి మీదే పడింది.

జూలై 4, శుక్రవారం

పెద్దరికం పోయింది. ఇకమీదట యంత్రం బాగుందని సంతకం పెట్టేది ఇంజనీరు. నేను విప్పడానికి, బిగించడానికి. ఆవిడ మెమో రద్దయింది. పనిలో తగిలిన దెబ్బ కింద సెలవిచ్చారు. పొడుగాయన నాతో మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే నాకు వినపడలేదేమో. ఇలా రాయడం కొత్తగా ఉంది.

జూలై 15, మంగళవారం

చెవి మిషను పెట్టారు. ఘోరం. ప్లేటు మీద చెంచా పడితే తల పగిలినట్టుంది. చొక్కా నలిగినా చప్పుడే. మా ఆవిడ సంతోషంగా ఒక గంట మాట్లాడింది. ఇన్నాళ్ళూ ఏం పోగొట్టుకున్నానో తెలిసింది: పక్కింటివాళ్ళ సంగతులన్నీ.

షెడ్డులో పెద్ద ప్రెస్సు దగ్గర నిలబడ్డాను. బుస వినపడింది. సన్నగా, రేకు మీద గోరు గీసినట్టు. నాకు గుర్తున్న బుస ఇది కాదు. దీన్ని నమ్మొచ్చో లేదో ఇంకా తెలియదు. ఇంజనీరు గేజీ పెట్టి చూపించాడు. అడగకుండానే చూపించాడు. సార్ అన్నాను. ఈసారి మనసులోనూ.

ఆగస్టు 5, మంగళవారం

ఆవిడ ఇవాళ పనిలోకి వచ్చింది. కట్టు విప్పారు. చెయ్యి కొంచెం సన్నబడింది.

తిన్నగా పెద్ద ప్రెస్సు దగ్గరికి వెళ్ళింది. నేను సైలెన్సరు విప్పి, కడిగి, బిగించి సిద్ధంగా ఉంచాను. "అంతా బాగుందమ్మా, మొదలుపెట్టొచ్చు" అన్నాను.

"మీరు చెప్తే ఎలాగండీ?" అంది. వెటకారం ఏమీ లేదు. వేళెంతైందని అడిగినంత మామూలుగా అంది. "ఇంజనీరుగారిని పిలవండి. గేజీ చూడాలి."

ఇంజనీరు వచ్చాడు. గేజీ పెట్టారు. ఆవిడ లోపల ఒక చెక్కముక్క పెట్టి, వరసగా నలభై కొట్టింది. ప్రతి దెబ్బకీ ముల్లు సున్నా దాకా దిగిందో లేదో తనే చూసుకుంది. నలభైసార్లూ దిగింది. అప్పుడు పట్టకారు తీసుకుంది. నేనైతే ఒక్కసారి విని సంతకం పెట్టేవాణ్ణి. పని చేసే పద్ధతి అది కాదు, ఇది.

నేను చూస్తూ నిలబడ్డాను. ఆవిడ మొదటి మూత తీసి, తల తిప్పకుండానే ఏదో అంది. షెడ్డు మోతలో మిషను కూడా పట్టుకోలేకపోయింది. ఎప్పటిలా తల ఊపబోయాను.

ఊపలేదు.

"వినపడలేదమ్మా. మళ్ళీ చెప్పు" అన్నాను. అందరి ముందూ.

ఆవిడ ప్రెస్సు ఆపి, నా వైపు తిరిగి, గట్టిగా చెప్పింది: "వెలుగుకి అడ్డంగా నిలబడ్డారు. జరగండి."

జరిగాను.